గ్రాఫు ఫకృద్దీన్ కుడిచెయ్యి

ధర్మవరం బజారులో నిలబడి ఫకృద్దీన్ అని పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. పెనుకొండ దర్గాలో మొక్కుకుని పెట్టుకున్న పేరు ఆ చుట్టుపక్కల అంత ఎక్కువ. అందుకని ఒకాయన టైర్ల ఫకృద్దీన్, ఇంకొకాయన బొరుగుల ఫకృద్దీన్, మనవాడు గ్రాఫు ఫకృద్దీన్. పట్టుచీర అంచు మీద హంస నడవాలన్నా, కొంగులో నెమలి పురి విప్పాలన్నా ముందు అది గళ్ల కాగితం మీద పుట్టాలి. ఎర్రరంగు నింపిన గడి దగ్గర పోగు పైకి లేస్తుంది, ఖాళీ గడి దగ్గర లేవదు. ఆ కాగితాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం నెత్తిన ఎక్కుతాయి, ఆ తర్వాత నేసేవాడి పని. చీర కట్టుకున్నామెకు నేసినవాడి పేరే తెలియదు, గీసినవాడు ఒకడు ఉంటాడని అసలే తెలియదు. గీసే ఫకృద్దీన్‌కు దాని మీద ఏ బాధా లేదు. పెళ్లిళ్ల కాలంలో బస్టాండులో నిలబడి, వచ్చేపోయే ఆడవాళ్ల అంచులు చూసి ఇది నాది, అది నాది కాదు అని లెక్కబెట్టుకుని సంతోషపడే మనిషి. ఒకసారి అలా చూస్తుంటే ఒకామె మొగుడు చొక్కా పట్టుకున్నాడు. చూసింది చీర అంచునేనని ఆయనకు నచ్చజెప్పేసరికి పరిగి బస్సు వెళ్లిపోయింది.

అతను పుట్టింది పెనుకొండలో. నాయన మహమ్మద్ అలీ బోర్డులు రాసేవాడు. అంగళ్ల పేర్లు, లారీల నెంబర్లు, ఎన్నికలొస్తే గోడలు. స్కేలు ముట్టుకోకుండా గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత లాగేవాడు, చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆ చెయ్యి నలభై తొమ్మిదో ఏట వణకడం మొదలుపెట్టింది. కొన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. చివరికి ఒక కిరాణా అంగడి బోర్డు మీద మొదటి అక్షరమే వంకరపోయింది. అంగడాయన మంచివాడు, ఒక్క మాట అనకుండా కూలీ మొత్తం చేతిలో పెట్టాడు. బోర్డు మాత్రం తగిలించలేదు. మహమ్మద్ అలీ ఆ రోజు కుంచెలు కిరసనాయిల్లో వేసి వచ్చి, మళ్లీ వాటి వైపు చూడలేదు. ఆ తర్వాత పదేళ్లు బతికాడు. పదేళ్లూ అరుగు మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకునే ఉన్నాడు. ఇంట్లో ఆయనతో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు, చిన్న పని కూడా చెప్పేవాళ్లు కాదు. ఫకృద్దీన్‌కు నాయన చావు కంటే ఆ పదేళ్లే ఎక్కువ గుర్తు.

గ్రాఫు పని నేర్చింది హిందూపురంలో, ముదిరెడ్డిపల్లి ముత్యాలప్ప దగ్గర. ముత్యాలప్ప పద్ధతి వేరు. మొదటి ఏడాది రంగు ముట్టుకోనివ్వడు. కుంచె నీళ్లలో ముంచి గడులు నింపమంటాడు. నింపిన గడి ఆరిపోతుంది, మళ్లీ నింపాలి, మళ్లీ ఆరిపోతుంది. తడి పక్క గడిలోకి వెంట్రుకవాసి పాకినా వెనక నుంచి నెత్తిన ఒక మొట్టికాయ పడేది. అలా ఏడాది తర్వాత ఎర్రరంగు గిన్నె చేతికొచ్చింది. తొంభై రెండులో ధర్మవరం వచ్చి ఒక పట్టుచీరల సావుకారి దగ్గర కుదురుకున్నాడు. సావుకారి పోయాక ఆయన కొడుకు జయప్రకాష్ వ్యాపారం చూసుకున్నాడు. ఫకృద్దీన్ మాత్రం అదే గది, అదే కిటికీ పక్క బల్ల.

తొంభై తొమ్మిదిలో ఆ బల్ల మీదికి కంప్యూటర్ వచ్చింది. అందరూ అనుకున్నట్టు ఫకృద్దీన్ దాన్ని చూసి బెదిరిపోలేదు. వారం రోజులు దూరం నుంచి చూశాడు, ఎనిమిదో రోజు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తెర మీదా గడులే, ఎర్రరంగే. తప్పు పడితే బ్లేడుతో గోకనక్కర్లేదు, వెనక్కి వెళ్లిపోవచ్చు. మౌసును అతను ఎలక అనే పిలిచేవాడు. పొట్ట కింద ఒక రబ్బరు గోలీ ఉండేది. ధర్మవరం గాలిలో పట్టు నూగు ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది కదా, అదంతా గోలీకి చుట్టుకుని ఎలక మొరాయించేది. రోజూ పొద్దున అతను దాని పొట్ట విప్పి, గోలీ తీసి చొక్కాకు తుడిచి, లోపలి చక్రాల మీది నూగును గోటితో గీరి, మళ్లీ బిగించి పని మొదలుపెట్టేవాడు. ఇంట్లో పళ్లు తోముకోవడం మరిచినా ఇది మరిచేవాడు కాదు.

ఎలక కింద ఒక జరీగుడ్డ పరిచి ఉండేది. అది జయప్రకాష్ తల్లి శ్యామలమ్మ పెట్టిన ఆచారం. ఆయుధపూజ రోజు మగ్గాలకు పసుపూ కుంకుమా పెట్టినట్టే ఆమె కంప్యూటర్‌కూ పెట్టేది. చీరలన్నీ పుట్టేచోటు బోడి చెక్క మీద ఉండకూడదని, ఆ ఏడు నేసిన చీరల్లో అన్నిటికంటే మంచి కొంగు ముక్క ఒకటి కత్తిరించి ఎలక కింద పరిచేది. ఏటా దసరాకు పాతది తీసి కొత్తది వేసేది. ఆ గుడ్డను ఆమె తప్ప ఎవరూ కదిలించేవాళ్లు కాదు. ఐదేళ్లు గోలీ ఎలక ఆ జరీ మీద హాయిగా తిరిగింది.

రెండువేల నాలుగు ఉగాది ముందు జయప్రకాష్ బెంగళూరు వెళ్లి కొత్త మౌసు తెచ్చాడు. దానికి గోలీ లేదు. పొట్ట కింద ఎర్రదీపం.

"ఫకృద్దీనన్నా, ఇంక గోలీ తుడిచే పని ల్యాదు నీకు. లైటుతోనే నడుస్తాది ఇది," అన్నాడు.

ఫకృద్దీన్ దాన్ని తిప్పి చూసుకుని మురిసిపోయాడు. గుడ్డ మీద పెట్టి కదిలించాడు. బాణం గుర్తు ఒక గడి నుంచి పక్క గడికి పొమ్మంటే నాలుగు గడులు దూకింది. చేతికి కొత్త కదా, రెండురోజుల్లో అలవాటవుతుంది అనుకున్నాడు. రెండురోజులు పోయి రెండువారాలయింది. బాణం తిన్నగా నిలవడం లేదు. గడి మీద ఆపి నొక్కబోయేలోపు సన్నగా వణికి పక్కకు జారుతుంది. అతను గుడ్ల నీళ్లు తిరిగేదాకా తెర వైపు చూశాడు. ఆ వణుకు అతనికి కొత్తది కాదు. పెనుకొండలో గోడ మీద, కుంచె మొన దగ్గర చూసిన వణుకే. అతనికప్పుడు సరిగ్గా నలభై తొమ్మిదేళ్లు.

ఆ రోజు నుంచి మనిషి కాలు ఒకచోట నిలవలేదు. గంటకోసారి లేచి వీధిలోకి పోయి వస్తాడు. కుర్చీ ఎత్తు పెంచుతాడు, దించుతాడు. కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని ఎలకను తోస్తాడు, ఎవరైనా లోపలికొస్తే గబుక్కున వదిలేస్తాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు సూదిలో దారం ఎక్కించి చూసుకుంటాడు. ఎక్కుతుంది. మళ్లీ తీసి ఎక్కిస్తాడు, మళ్లీ ఎక్కుతుంది. గుండె నిమ్మళించి అంగడికొచ్చి కూర్చుంటే బాణం మళ్లీ గజగజ. భార్య షబానా అడిగితే గుండీ ఊడింది అనేవాడు. అన్ని గుండీలు ఎవరి చొక్కాకూ ఉండవు, అది అతనికి తట్టలేదు.

ఎలకలోనే ఏదైనా దోషం ఉందేమోనని అతనికి అనుమానం రాకపోలేదు. జూన్‌లో కంప్యూటర్ చూడటానికి అనంతపురం నుంచి మెకానిక్కు వచ్చినప్పుడు, మాట మధ్యలో అన్నట్టుగా అడిగాడు.

"ఈ కొత్త ఎలక కొంచెం దూకుతాండాదప్పా. చూస్తావా?"

మెకానిక్కు జీన్ ప్యాంటు వేసుకున్న పిల్లగాడు. ఎలకను గుడ్డ మీద నుంచి ఎత్తి తన తొడ మీద పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని అటూ ఇటూ తోశాడు. బాణం తెర మీద నున్నగా తిరిగింది. ఒక గుండ్రం చుట్టాడు, ఒక గీత లాగాడు. ఎక్కడా తొణకలేదు.

"మౌసు ఫస్ట్‌క్లాసుగా ఉండాది సార్," అని జయప్రకాష్‌తో చెప్పి, ఒక్క క్షణం ఫకృద్దీన్ చేతివైపు చూశాడు. జయప్రకాష్ కూడా చూశాడు. ఇద్దరూ వెంటనే చూపు తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడంతో ఫకృద్దీన్‌కు తల తీసేసినట్టయింది. ఎలక గెలిచింది, చెయ్యి ఓడిపోయింది.

ఇక రైలు ప్రయాణాలు మొదలయ్యాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుదారి మీద ఉండటం అతని అదృష్టమో ఖర్మో చెప్పలేను. ఒక ఆదివారం పెనుకొండలో దిగి దర్గాలో ఫాతెహా చదివించి మణికట్టుకు దారం కట్టించుకున్నాడు. ఇంకో ఆదివారం హిందూపురంలో నరాల డాక్టరు. ఆయన రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక పల్చటి కాగితం పరిచాడు. కాగితం కదల్లేదు. "నీకేం లేదు పో" అని బలానికి మాత్రలు రాశాడు. ఫకృద్దీన్‌కు ఆ మాటతో ధైర్యం రావాలి. భయం రెట్టింపయింది. ఖాళీగా ఉంటే నిలుస్తుంది, పని దగ్గరే వణుకుతుంది, అంటే ఈ చేతికి పనే పడటం లేదు అని తేల్చుకున్నాడు. మందు లేని జబ్బు అదే కదా.

ఆ డాక్టరు దగ్గర నుంచి నేరుగా ముదిరెడ్డిపల్లి వెళ్లాడు. ముత్యాలప్పకు డెబ్బై దాటాయి, ఒక కంటికి శుక్లం. శిష్యుణ్ణి చూసి సంబరపడి మంచం దిగాడు.

"ఏమప్పా ఫకృద్దీనూ, మొగం అట్ల పీక్కపోయిందేమి? అన్నం తింటాండావా ల్యాదా?"

ఫకృద్దీన్ అక్కడ మాత్రం దాచుకోలేకపోయాడు. "చెయ్యి పోయింది గురువా. మా నాయన మాదిరే," అన్నాడు.

ముత్యాలప్ప లోపలికి పోయి గ్రాఫు కాగితం, కుంచె, చెంబుతో నీళ్లు తెచ్చాడు. రంగు తేలేదు. నేల మీద కూర్చోబెట్టి నింపమన్నాడు. ఫకృద్దీన్ అరగంట నీళ్లతో గడులు నింపాడు. ముసలాయన మంచి కన్ను కాగితానికి ఆనించి ఒక్కో గడి చూశాడు. మొట్టికాయ పడలేదు.

"నీ చేతికి ఏం రోగం రాల్యా. బంగారమట్ల ఉండాది. పోయి పని చేసుకోపో," అన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఫకృద్దీన్ ఏడ్చాడు. గురువుకు ఒక కన్ను లేదు, ఉన్న కన్నూ అంతంత మాత్రం. పైగా జాలిగుండె మనిషి. తప్పు చూసి కూడా చెప్పలేదు, చెప్పడానికి నోరు రాలేదు అనుకున్నాడు. తనను నమ్మించడానికి ముగ్గురు ప్రయత్నించారు, సూది, డాక్టరు, గురువు. ముగ్గురినీ కాదని ఒక్క బాణం మాట నమ్మాడు. ఎందుకంటే ఆ బాణం అతని భయానికి వత్తాసు పలికింది. మనలో చాలామందిమి అంతే, మంచి మాట చెప్పినవాణ్ణి పది ప్రశ్నలు వేస్తాం, చెడ్డ మాట చెప్పినవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం.

సెప్టెంబరులో దాచిందంతా బయటపడింది. ఒక పెళ్లివాళ్ల కోసం హంసల అంచు గీశాడు. రోజుకు రెండు హంసలు గీసేవాడికి ఒక్కదానికే నాలుగు రోజులు పట్టింది. ఒక్క గడి, ముక్కు కింద ఉండాల్సింది పక్కకు జారింది, అతను చూసుకోలేదు. అట్టలు కొట్టారు, మగ్గం ఎక్కించారు. మూడు చీరలు నేశాక ఓబుళప్ప అనే నేతగాడు ఒక చీర భుజాన వేసుకుని అంగడికొచ్చాడు. సరసుడు, మంచివాడే. బల్ల మీద చీర పరిచి అంచు చూపించాడు.

"ఏమబ్బా ఫకృద్దీనూ, ఈ హంసకు పంటి నొప్పా ఏమి? ముక్కు పక్కకు పెట్టుకోని ఉండాది చూడు!"

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఫకృద్దీన్ అంచు పొడవునా చూశాడు. కుచ్చిళ్ల నుంచి కొంగు దాకా హంసలన్నిటికీ అదే ముక్కు. ఓబుళప్ప నవ్వుతూ నవ్వుతూ అతని ముఖం చూసి ఆపేశాడు. జయప్రకాష్ చీర మడిచి లోపల పెట్టించాడు. కోప్పడితే బాగుండు, ఏదో ఒకటి అంటే తిరిగి ఒకటి అనొచ్చు. ఆయన మాత్రం ఫకృద్దీన్‌కు టీ తెప్పించాడు. పెనుకొండ కిరాణా అంగడాయన కూలీ మొత్తం ఇచ్చింది సరిగ్గా ఇలాగే.

దసరాకు శ్యామలమ్మ పాత గుడ్డ తీసి కొత్తది పరిచింది. ఆ ఏడు మంచి కొంగు కదా, అంతా దిట్టమైన జరీ, చేత్తో ముట్టుకుంటే గరగరలాడేంత. దాని మీద ఎలక పూర్తిగా ఆగం పట్టిపోయింది. ఎడమకు తోస్తే పైకి పోతుంది. దసరా పోయిన మూడోనాడు ఫకృద్దీన్ జయప్రకాష్ ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంకొకరిని చూసుకో సార్. నా చేత కాదు ఇంక."

కాదనే మాట కోసం లోపల ఎక్కడో ఒక ఆశ ఉంది. జయప్రకాష్ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "నువ్వే ఎవరినన్నా నేర్పిచ్చి పో అన్నా. నీ అంత నమ్మకమైనోళ్లు నాకు దొరకరు," అన్నాడు. ఫకృద్దీన్ సరే అన్నాడు. కాదంటారనుకున్నానని ఎవరితో చెప్పుకుంటాడు?

వచ్చిన అమ్మాయి పేరు మహజబీన్. హిందూపురంలో డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, ధర్మవరంలో చిన్నమ్మ ఇంట్లో ఉంటోంది. ఇరవై రెండేళ్లు, చురుకు. ఇంట్లో సంపాదించేది తనే కాబట్టి ఈ పని పోతే ఇంకోటి వెతుక్కునే తీరిక లేదు. ఫకృద్దీన్‌ను మామా అని పిలిచేది. అతను ఆమెను కంప్యూటర్ దగ్గరికి రానివ్వలేదు. ముత్యాలప్ప శిష్యుడు కదా, ఏడాది కాకపోయినా పదిహేను రోజులైనా కాగితం మీదే నింపాలన్నాడు. ఆమె లోపల విసుక్కున్నా నింపింది. ఆ పదిహేను రోజులూ అతను ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క గడి పక్కకు పోలేదు. అంత మంచి చెయ్యి చూస్తే అతనికి సంతోషమూ వేసింది, కడుపు మంటా వేసింది. రెండూ నిజమే.

పదహారో రోజు పొద్దున ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ గదిలో ఉండలేక కాకా హోటలుకు పోయాడు. టీ తాగకుండానే తిరిగొచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. మహజబీన్ కుడి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఎలకను తోస్తోంది. అతని అడుగుల చప్పుడు విని గబుక్కున వదిలేసింది.

"ఏమమ్మా?"

"ఏం ల్యాదు మామా."

"ఏం ల్యాకుంటే చెయ్యి యాల పట్టుకొంటివి?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చెయ్యి వణుకుతాండాది మామా. నిన్న దాకా బాగుండె. సారుకు చెప్పొద్దు మామా, నీకు దండం పెడతా."

ఫకృద్దీన్‌కు ముందు వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే నవ్వుతారు. తన జబ్బు ఈ కుర్చీకి అంటుకుని, కుర్చీలో నుంచి ఈ పిల్లకు పాకిందనుకున్నాడు. నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఆమె చెయ్యి చూశాడు. పదిహేను రోజులుగా చూస్తున్న చెయ్యే. ఎలక మీదే ఉంది, ఎక్కడా వణుకు లేదు.

"చెయ్యి తియ్యి," అన్నాడు.

ఆమె తీసి ఒళ్లో పెట్టుకుంది. ఫకృద్దీన్ ఈసారి చేతిని చూడలేదు, తెర చూశాడు. ఎలక ఒంటరిగా గుడ్డ మీద పడి ఉంది. ఎవరి చెయ్యీ దాని మీద లేదు. తెర మీద బాణం సన్నగా వణుకుతూనే ఉంది.

అతను కదలకుండా నిలబడ్డాడు. ఎనిమిది నెలల్లో చెయ్యి ఎన్నిసార్లు తీసుంటాడు? వెయ్యిసార్లు. తీసిన ప్రతిసారీ చేతినే చూసుకున్నాడు. ముఖం ముందు పెట్టుకుని, వేళ్లు చాపి, ముడిచి, తిప్పి తిప్పి చేతినే చూసుకున్నాడు. ఒక్కసారంటే ఒక్కసారి తల ఎత్తి తెర చూసి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

ఎలకను ఎత్తాడు. కింద ఎర్రదీపం, దాని వెలుగు పడ్డచోట జరీపోగులు వందచోట్ల తళుక్కుమంటున్నాయి, ఆ తళుకులకే ఎలక దారి తప్పుతోంది. మెకానిక్కు పిల్లగాడి తొడ గుర్తొచ్చింది. జీన్ ప్యాంటుకు జరీ ఉండదు కదా! శ్యామలమ్మ తప్ప ఎవరూ ముట్టని ఆ గుడ్డను ఫకృద్దీన్ ఒక్క లాగు లాగి పక్కన పడేశాడు. బోడి చెక్క మీద ఎలకను పెట్టాడు. బాణం కొట్టిన మేకులా నిలబడిపోయింది. ఒక గడి పక్కకు పొమ్మన్నాడు. ఒక గడే పోయింది.

"అయ్యో నా తల్లీ," అని పెద్దగా అరిచాడు. సంతోషమా, కోపమా అని అడిగితే అతను కూడా చెప్పలేడు. ఎదురుగా గోడ ఉంటే గోడను తన్నేవాడే. ఎవరిని తిట్టాలి? దీపాన్నా, గుడ్డనా, అనంతపురం పిల్లగాడినా? అందరికంటే ముందు తనను తిట్టుకోవాలి, అది తెలిసేసరికి కోపం ఇంకా పెరిగింది. మహజబీన్ ఏడుపు ఆపి నవ్వడం మొదలుపెట్టింది.

అరుపు విని శ్యామలమ్మా, జయప్రకాష్ వచ్చారు. ఫకృద్దీన్ గుడ్డ పరిచి చూపించాడు, తీసి చూపించాడు, మళ్లీ పరిచి చూపించాడు. జయప్రకాష్ పగలబడి నవ్వాడు. శ్యామలమ్మ నవ్వలేదు. కింద పడ్డ గుడ్డ తీసుకుని దులిపి గుండెలకు పెట్టుకుంది.

"నా చేతులతో నేనే నీకు ఇంత కష్టం తెచ్చిపెట్టిన్యానా నాయనా," అంది. అంత పెద్దామె అలా అనేసరికి ఫకృద్దీన్ కోపం సగం దిగిపోయింది.

"నువ్వు మంచికే పెట్టినావమ్మా. నీది తప్పు ల్యాదు," అని జయప్రకాష్ వైపు తిరిగాడు. "సార్, ఆ పొద్దు మెకానిక్కు వచ్చినప్పుడు నువ్వు నా చెయ్యి చూసినావు. నువ్వు గూడా నా చెయ్యే అనుకొంటివి కదా?"

జయప్రకాష్ నవ్వు ఆగిపోయింది. గుడ్డ తీసేసిన బల్ల వైపు చూశాడు. "కంప్యూటర్ ఒగటే ఉండాదన్నా. పొద్దున నువ్వు చేయి, మధ్యాన్నం ఆ పాప చేస్తాది. చూద్దాం ఎట్ల నడుస్తాదో," అన్నాడు. ఎట్లా నడుస్తుందో ఎవరికీ తెలియదు. ఇద్దరికి సరిపడా పని ఉంటుందన్న హామీ ఏమీ లేదు. ఫకృద్దీన్ సరే అన్నాడు. ఈసారి ఆ మాట గట్టిగానే వచ్చింది.

ఆ మధ్యాహ్నం అతను కుర్చీ వదల్లేదు. హంసను మొదటి నుంచి గీశాడు, ముక్కుతో సహా. పొద్దు వాలకముందే ఇంటికి నడిచాడు. దారిలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాలనిపించింది, ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నెలలు దాచుకున్నది ఇప్పుడు ఏమని చెప్పడం?

షబానా పొయ్యి దగ్గర ఉంది. అతను గుమ్మంలో కూర్చుని ఉగాది ముందు నుంచి జరిగిందంతా చెప్పాడు. నాయనలా అవుతానన్న భయం, దారం, డాక్టరు, గురువు, ఈరోజు బాణం. ఆమె అంతా విని లేచి టీ తెచ్చి ఇచ్చింది. గ్లాసులో సగమే ఉంది. కొన్నాళ్లుగా టీ తక్కువగానే వస్తోంది. పాలాయన కొలత తగ్గించాడేమోనని అతను మనసులో తిట్టుకుంటూ ఉండేవాడు. ఇవాళ సంతోషంగా ఉన్నాడు కాబట్టి అడిగేశాడు.

"ఏమే, ఈ పాలాయనకు చెప్పకూడదా? రోజూ సగం గ్లాసే పోస్తాండావు?"

షబానా అతని వైపు చూడకుండా పైటకొంగు చేతికి చుట్టుకుంది.

"పాలు తక్కువై కాదు. నిండా పోస్తే ఒలుకుతాదని. ఒలికితే నీ చెయ్యి సంగతి నాకు తెలిసిపోయిందని నీకు తెలుస్తాదని. ఉగాది నించి సగమే పోస్తాండా."

ఆమె అతని చేతిలో గ్లాసు తీసుకుపోయి, అంచుదాకా నింపి తెచ్చి ఎదురుగా పెట్టింది. అతను ఎత్తాడు. నోటి దాకా తెచ్చేలోపు చెయ్యి గడగడ వణికి టీ అంతా లుంగీ మీద పోయింది. అది జబ్బు వణుకు కాదని ఈసారి ఇద్దరికీ తెలుసు. షబానా గ్లాసు తీసుకుని మళ్లీ నింపడానికి లేచింది.